కాళ్ళ మీద నీలి దారాలు: సాలెగూటి నరాల గురించి మన దాతలకు ఒక పాఠం

పోయిన ఏడాది రంజాన్‌కు ముందు, వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చిన దరఖాస్తులను చదివి విడదీసే పని మాకు అప్పగించారు. ముప్పై ఏళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్న చేయి కదా, ఒక్క సాయంత్రంలో అయిపోతుందనుకున్నాం. రెండు దరఖాస్తుల దగ్గర మాత్రం చేయి ఆగిపోయింది.

మొదటిది పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయి తండ్రి రాసింది. పిల్ల తొడల మీద, మోకాలి వెనుక ఎర్రగా, నీలంగా సాలెగూడు అల్లినట్టు గీతలు వచ్చాయట. నగరంలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్ళు లేజర్ ప్యాకేజీ చెప్పారు. అందులో సగమైనా ఇప్పించమని కోరాడు. జతచేసిన ఎస్టిమేటు రంగుల కాగితం మీద ఉంది. రెండోది మా వీధి చివర ఉండే ఖాలా కోసం ఆమె కొడుకు రాసింది. చీలమండ పైన పుండు, రెండేళ్ళుగా మానడం లేదు, మందుల షాపులో బాకీ పెరిగిపోయింది. దానికి జతచేసింది నూనె మరకలున్న షాపు చీటీ ఒకటే.

ఒకటి అందం సంగతి, రెండోది గాయం సంగతి అని చూసినవాళ్ళందరూ అన్నారు. మేమూ ముందు అలాగే అనుకున్నాం. తరువాత టెక్కలిలోనూ శ్రీకాకుళంలోనూ డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదేమిటంటే, ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందిన జబ్బులు. ఇద్దరిలోనూ చెడింది రక్తాన్ని పైకి తీసుకుపోయే గొట్టాలే. డబ్బు ఇచ్చే మనకు ఈ కుటుంబం గురించి తెలియకపోతే, రంగుల కాగితం ముందుకు వస్తుంది, నూనె మరకల చీటీ వెనక్కు పోతుంది. అందుకే ఈసారి సంచికకు ఈ విషయం ఎంచుకున్నాం.

ముందు మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. మన ఊళ్ళలో అన్నీ నరాలే. తిమ్మిరెక్కితే నరం, వాంతి వచ్చేలా తల నొప్పి పుడితే నరం, కాలి మీద నీలంగా పొంగినదీ నరమే. బడి పుస్తకంలో వీటికి వేరువేరు పేర్లున్నాయి. మెదడు నుంచి కబురు మోసేది నాడి. గుండె నుంచి రక్తం బయటకు తెచ్చేది ధమని. ఆ రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది సిర. కాలి మీద మనకు కనిపించే నీలి దారాలు సిరలు, వాటికి పుట్టిన పిల్ల సిరలు. పేరులో తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటారా? ఖాలా కొడుకు ఆమెను మొదట విశాఖపట్నంలో ‘నరాల డాక్టరు’ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన నాడుల వైద్యుడు. ఫీజు, బస్సు ఖర్చులు, ఒక రోజు కూలి పోయాక, ఇది నా విభాగం కాదమ్మా అని పంపించాడు. ఆయన తప్పేమీ లేదు, మాటే దారి తప్పించింది. ఇలాంటి కాళ్ళకు చూపించుకోవలసింది జనరల్ సర్జన్‌కు, పెద్ద ఊళ్ళలోనైతే రక్తనాళాల సర్జన్‌కు. చర్మం మీద సన్న గీతలే అయితే చర్మ వైద్యుడు చాలు.

చేతి మీద ఒక ప్రయోగం

ప్రసరణ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత మేము ఒక పని చేయిస్తాం. మోచేతి పైన రుమాలు కాస్త బిగించి కట్టి, పిడికిలి బిగించమంటాం. ముంజేతి సిరలు ఉబ్బుతాయి. వాటి మీద అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి తేలతాయి. ఒక ముడికి కింద, మణికట్టు వైపు, సిరను ఒక వేలితో నొక్కి పట్టాలి. రెండో వేలితో అక్కడి నుంచి భుజం వైపు ముడి దాటేదాకా రక్తాన్ని తోసెయ్యాలి. ఇప్పుడు రెండో వేలు తీసేసినా ఆ ముక్క ఖాళీగానే ఉండిపోతుంది. పైన ఉన్న రక్తం వెనక్కు దిగదు. మొదటి వేలు తీయగానే కింది నుంచి జర్రున నిండుతుంది. పిల్లలు దీన్ని ఇంటికి పోయి నాన్నమ్మల చేతుల మీద కూడా చేసి చూస్తారు.

ఆ ముడులే కవాటాలు. పైకి పోనిస్తాయి, కిందికి రానివ్వవు. వాటిని 1603లో ఇటలీలోని పాదువా గురువు ఫాబ్రిసియస్ పుస్తకంగా రాశాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తం ఒంట్లో చుట్టు తిరుగుతుందని నిరూపించడానికి మనం చెప్పుకున్న ఈ చేతి ప్రయోగాన్నే బొమ్మలతో చూపించాడు. వాళ్ళకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందే కైరోలో ఇబ్న్ అల్ నఫీస్, గుండె కుడి గది రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందని రాశాడు. ఆ రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో పడి ఉండగా 1924లో ఒక ఈజిప్టు వైద్య విద్యార్థి కంటబడి లోకానికి తెలిసింది. కార్డోబాకు చెందిన అల్ జహ్రావీ తన ముప్పై భాగాల ‘అల్ తస్రీఫ్’లో శస్త్రచికిత్స గురించిన చివరి భాగంలో, కాలిలో ఉబ్బిన సిరలను కోసి తీసే పద్ధతి కూడా చెప్పాడు. ఆయన 1013లో పోయాడు. అంటే వెయ్యేళ్ళ కిందటి వైద్యుడికి కూడా ఇది లెక్కలోకి తీసుకోవలసిన జబ్బే. కాలి లోపలి వైపు చీలమండ నుంచి గజ్జ దాకా పోయే పొడుగాటి సిరకు డాక్టర్లు వాడే సాఫినస్ అన్న పేరు అరబ్బీ ‘సాఫిన్’ నుంచి వచ్చిందని కొందరు, గ్రీకు మాట నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. ఏ జగడం ఎలా తేలినా ఎక్కువగా చెడేది ఆ సిరే.

ఇక కాలి సంగతి. గుండె పైన ఉంది, పాదం కింద ఉంది. నూతిలోంచి నీళ్ళు తోడినట్టు రక్తాన్ని పైకి తోడాలి. తోడే మోటారు పిక్క కండ. నడిచినప్పుడు పిక్క బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది, రక్తం పైకి ఎగబాకుతుంది. పిక్క వదులైనప్పుడు కవాటాలు మూసుకుని దాన్ని కిందికి జారనివ్వవు. కదలకుండా నిలబడిన పెద్ద మనిషికి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడక మొదలు పెట్టి కొన్ని అడుగులు వేస్తే అది 30 లోపుకు దిగుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతా పాఠం అంతా వాటిలోంచే వస్తుంది.

కవాటాలు వదులైపోతే, లేదా మోటారు రోజంతా ఆగిపోయి ఉంటే, రక్తం కింద నిలుస్తుంది. సిరల గోడలు సాగుతాయి. చర్మం పైపొరలో ఒక మిల్లీమీటరు కంటే సన్నగా సాగినవి సాలెగూటి నరాలు. వాటి కింద ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉండే నీలివి వలలాగా కనిపిస్తాయి. మూడు దాటి, తాడు మెలివేసినట్టు ఉబ్బినవి వేరికోస్ సిరలు. డాక్టర్లు దీన్ని సున్నా నుంచి ఆరు దాకా మెట్లుగా రాసుకుంటారు. మొదటి మెట్టు సాలెగూటి గీతలు, రెండోది ఉబ్బిన సిరలు, మూడోది వాపు, నాలుగోది చీలమండ చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడటం, అయిదోది మానిన పుండు, ఆరోది మానని పుండు. పెళ్ళికూతురు మొదటి మెట్టు మీద ఉంది. మా ఖాలా ఆరో మెట్టు మీద ఉంది. మొదటి మెట్టు ఎక్కిన వాళ్ళందరూ ఆరో మెట్టుకు చేరరు. చాలామంది అక్కడే జీవితాంతం హాయిగా ఉంటారు. ఈ మాట దాతలు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే క్లినిక్ వాళ్ళ కాగితంలో ఇది ఉండదు.

ఎవరికి వస్తుంది

అమ్మానాన్నలకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆడవాళ్ళకు ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులవుతాయి, బిడ్డ బరువు కటి సిరల మీద పడుతుంది. అప్పుడు వచ్చిన గీతలు కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ నెలలు గడవకుండా వైద్యం మొదలు పెట్టించకూడదు. వయసు, ఒళ్ళు బరువు, కదలని పని కూడా కారణాలే.

కదలని పని అంటే మన చుట్టూ కావలసినంత ఉంది. నందిగాం నుంచి ఆటోలెక్కి పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళను మనం రోజూ చూస్తున్నాం. పిక్క కొట్టేచోట కూర్చున్న చోటే కూర్చోవాలి. పొట్టు తీసేచోట కాళ్ళు మడుచుకుని గంటలు. ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడటం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటలను, కొబ్బరితోటలను పడగొట్టాక సొంత తోట పోయి కూలికి దిగిన కుటుంబాలూ మనకు తెలుసు. హోటల్లో దోసెలు వేసే భాయ్, బట్టల షాపులో గుమాస్తా, మంగలి, ట్రాఫిక్ పోలీసు, అందరిదీ ఇదే కథ. బల్ల ముందు నిలబడే మా టీచర్ల సంగతి వేరే చెప్పాలా? మాకూ ఎడమ మోకాలి వెనుక ఒక సాలెగూడు ఉంది. పదిహేనేళ్ళుగా ఉంది. దాని వల్ల మాకు ఏ బాధా లేదు, దాన్ని మేమూ బాధ పెట్టలేదు.

ఒకటి చెప్పాలి. పుస్తకాల్లో, ఫోన్లలో కనిపించే బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదివే. మన చామనఛాయ కాళ్ళ మీద సన్న గీతలు అంత స్పష్టంగా కనబడవు. అందుకని మన వాళ్ళలో జబ్బు మొదట కంటబడేది చీలమండ లోపలి వైపు చర్మం కాఫీ రంగుకో నలుపుకో మారినప్పుడు. దాన్ని మట్టి అనుకుని రాయితో తోముతారు. ఖాలా కూడా తోమింది. సిరలోంచి ఊరిన రక్తంలోని ఇనుము చర్మంలో నిలిచిపోతే వచ్చే రంగు అది. తోమితే పోదు, చర్మం చిట్లుతుంది. చిట్లిన చోట పుండు పడుతుంది. రోజుకు అయిదుసార్లు వజూలో కాళ్ళు కడిగే మనకు చీలమండ చూసుకోవడానికి ఇంతకంటే మంచి అలవాటు ఏముంది?

వాపు అంతా సిరల వాపు కాదు

ఈ భాగం మన ఉద్దానం కోసం. కాళ్ళు వాచాయంటే ముందు అడగవలసింది ఒక కాలా, రెండు కాళ్ళా అని. రెండు కాళ్ళూ వాచి, పొద్దున లేచేసరికి కళ్ళ కింద కూడా ఉబ్బుంటే, మూత్రం నురగ కడుతుంటే, మన ప్రాంతంలో మొదట అనుమానించవలసింది కిడ్నీని. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో ఈ సంచిక చదివేవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్క మాటగా తేల్చలేదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయిస్తే సంగతి బయటపడుతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక దూరం కూడా తగ్గింది. గుండె బలహీనమైనా రెండు కాళ్ళూ వాస్తాయి.

ఒకే కాలు ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పుట్టి, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో. అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని పిసకకూడదు, నూనె రాయకూడదు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆయాసం, గుండెల్లో నొప్పి కూడా ఉంటే 108. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి, వేలితో నొక్కినా గుంట పడనంత గట్టిగా అయిన వాపు బోదకాలు కావచ్చు. దానికి దారి వేరు.

అలాగే ముఖం మీద, ఛాతీ మీద ఎర్ర చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా గీతలు చాలా వస్తే, చుక్క మధ్యలో నొక్కగానే తెల్లబడి మళ్ళీ మధ్యలోంచి ఎర్రబడితే, అది వేరే రకం. ఒకటి రెండు ఉంటే ఫరవాలేదు, చాలా ఉంటే కాలేయం చూపించుకోవాలి.

ఇక నొప్పి మాత్రలు. ఖాలా షాపు చీటీలో మూడో వంతు అవే. కాలు లాగుతుందని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రెండేళ్ళు మింగింది. ఈ మాత్రలు సిరలకు ఏమీ చేయవు. ఒత్తిడి 90 దగ్గర 90గానే ఉంటుంది. కానీ రోజుల తరబడి వాడితే కిడ్నీని దెబ్బ తీస్తాయి. ఇంకే జిల్లాలోనైనా ఇది ఒక హెచ్చరిక, ఉద్దానం పక్కన ఇది ఊరంతా చాటింపు వేయవలసిన మాట. కాళ్ళు రెండూ దిండు మీద పెట్టి అరగంట పడుకుంటే ఆ లాగుడు తగ్గుతుందేమో ముందు చూడాలి. తగ్గితే అది సిరల నొప్పి అనడానికి అదే ఒక ఆనవాలు.

వైద్యం

పెళ్ళికూతురి సంగతి ముందు చూద్దాం. సాలెగూటి గీతలను పోగొట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి సన్నటి సూదితో ఆ గీతలోకి మందు ఎక్కించడం. పోలిడోకనాల్ అనే మందు గానీ, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ గానీ వాడతారు. మందు తగిలిన సిర లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోతాయి, కొన్ని వారాల్లో ఒళ్ళు దాన్ని కరిగించుకుంటుంది. దీన్ని స్క్లిరోథెరపీ అంటారు. ఒక్కసారితో అవదు, కొన్ని విడతలు పడుతుంది. కాలి గీతలకు అనుభవజ్ఞులు ముందు దీనికే మొగ్గు చూపుతారు. రెండోది లేజర్. మన రంగు చర్మం మీద లేజర్ జాగ్రత్తగా వాడాలి. చర్మంలోని నల్ల రంగు కూడా ఆ వెలుగును పీల్చుకుంటుంది కనుక కాలిన మచ్చలు, తెల్ల మచ్చలు పడే ప్రమాదం ఉంది. మన చర్మానికి పొడవైన తరంగం ఉన్న ఎన్‌డీ యాగ్ రకం మేలంటారు. ఏ యంత్రం వాడతారని క్లినిక్‌లో అడగడం తప్పు కాదు.

రెండు పద్ధతుల్లోనూ గీత పోయిన చోట గోధుమ రంగు మరక నెలల పాటు ఉండొచ్చు. పక్కనే కొత్త సన్న గీతల గుంపు రావచ్చు. పోయినవి పోయినా, ఒంటి తత్త్వం మారదు కనుక కొన్నేళ్ళకు కొత్తవి పుట్టొచ్చు. శాశ్వతంగా పోతాయని ఎవరు రాసిచ్చినా నమ్మవద్దు. కడుపుతో ఉన్నప్పుడు ఇవి చేయరు. పూత మందులు, ‘నరాలు కరిగించే’ తైలాలు చేసేదేమీ లేదు. డయోస్మిన్ మాత్రలు కొందరికి బరువు, వాపు తగ్గించవచ్చు, గీతను తుడిచెయ్యవు.

అన్నిటికంటే ముందు చేయించవలసింది డాప్లర్ స్కాన్. కడుపులో బిడ్డను చూసే స్కాన్‌లాగే శబ్ద తరంగాలతో చేసేది, సూది లేదు, రేడియేషన్ లేదు. రోగిని నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం వెనక్కు జారుతోందా అని చూస్తారు. లోపల పెద్ద సిర కారుతుంటే పైన గీతలు చెరిపి లాభం లేదు. కొళాయి కట్టకుండా నేల తుడిచినట్టే.

అమ్మాయికి మన సొసైటీ డాప్లర్ ఖర్చు మాత్రం ఇచ్చింది. లోపల ఏ కారుడూ లేదు. సింగారం కోసం సొమ్మా అని కొట్టిపారేసిన పెద్దలతో మేము ఏకీభవించం. అత్తవారింట్లో తన కాళ్ళ గురించి ఎవరేమంటారో అని ఒక పిల్ల నిద్ర మానుకుంటే అది చిన్న బాధ కాదు. కాకపోతే ఆ బాధకు మందు లేజర్ ఒకటే కాదు. లేడీ డాక్టరు ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, ఇది అంటుకునేది కాదు, పిల్లలు పుట్టడానికి అడ్డు కాదు, ఇద్దరు పిల్లల తరువాత కావాలనుకుంటే అప్పుడు చేయించుకో అని చెప్పింది. అమ్మాయి ఆ మాటనే తన ఫోన్‌లో రికార్డు చేసుకుని తల్లికి వినిపించిందట.

ఖాలా పుండు

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. ఖాలా ఇంతకు ముందు ఏడాది కూడా అడిగింది. అప్పుడు ఆ సమావేశంలో మేమూ ఉన్నాం. కాలి పుండు అంటే షుగర్ పుండే అని తేల్చేసి, ఆయింట్‌మెంట్‌కు కొంత డబ్బు ఇచ్చి పంపాం. పైగా మేము ఇంటికి పోయి, “ఖాలా, అన్నం మానెయ్యి, రొట్టె తిను” అని నీతి కూడా చెప్పి వచ్చాం. ఆమెకు షుగర్ లేదు. పరీక్ష చేయిస్తే ఆ రోజే తెలిసేది.

షుగర్ పుండు సాధారణంగా పాదం అడుగున, వేళ్ళ దగ్గర, ఒత్తుకునే చోట పడుతుంది. సిరల పుండు చీలమండకు పైన, ఎక్కువగా లోపలి వైపు పడుతుంది. చుట్టూ చర్మం నల్లగా ఉంటుంది, నీరు కారుతుంది, కాలు పైకెత్తితే నొప్పి తగ్గుతుంది. ధమని మూసుకుపోయి వచ్చే పుండుకు కాలు పైకెత్తితే నొప్పి పెరుగుతుంది, కిందికి వేలాడేస్తే తగ్గుతుంది. ఈ తేడా పదో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది. మాకు యాభై దాటాక తెలిసింది.

ఖాలా పుండు మీద పడనిది లేదు. పసుపు, వేపాకు, కాఫీ పొడి, ఎవరో ఇచ్చిన నల్ల మందు. సిరల పుండుకు అసలు మందు పుండు మీద వేసేది కాదు, కాలి చుట్టూ కట్టేది. పాదం వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా, చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా, పొరలు పొరలుగా కట్టు. నూతి మోటారుకు బయట నుంచి బలం ఇవ్వడం అన్నమాట. జర్మనీ చర్మ వైద్యుడు ఉన్నా పేరుతో జింకు లేపనం పూసిన కట్టు 19వ శతాబ్దం చివరి నుంచీ ఉంది. అంటే ఇది కొత్త కిటుకు కాదు, ఖరీదైనదీ కాదు. కట్టు కట్టే ముందు మాత్రం డాక్టరు పాదంలో నాడి చూడాలి, చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చాలి. ధమని మూసుకుపోయిన కాలికి గట్టి కట్టు కడితే కాలే పోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు, బీడీ సిగరెట్ తాగేవాళ్ళకు ఈ పరీక్ష తప్పనిసరి. సొంతంగా క్రేప్ బ్యాండేజి కొని చుట్టుకోవద్దని అందుకే చెప్తున్నాం.

శ్రీకాకుళంలో సర్జన్ డాప్లర్ చూసి, సాఫినస్ సిర గజ్జ నుంచే కారుతోందని చెప్పారు. ఇలాంటి సిరను ఒకప్పుడు కోసి లాగేసేవారు. ఇప్పుడు సన్న గొట్టం పంపి లేజర్‌తోనో, రేడియో తరంగాలతోనో లోపలే మాడ్చి మూసేస్తారు. ఆ సిర మూసేస్తే రక్తం ఎటు పోతుందని ఖాలా అడిగింది. మంచి ప్రశ్న. లోతు సిరలు బాగున్నంతకాలం అవే మోస్తాయి, కారే సిర మోసేది ఎలాగూ లేదు. 2018లో బ్రిటన్‌లో 450 మంది పుండు రోగుల మీద జరిగిన అధ్యయనంలో, కట్టుతో పాటు సిరను కూడా తొందరగా మూయించుకున్నవాళ్ళలో సగం మందికి 56 రోజుల లోపే పుండు మానింది. పుండు మానాక చూద్దాంలే అని ఆగినవాళ్ళలో అందుకు 82 రోజులు పట్టింది. పుండు మానితే ఆపరేషన్ ఎందుకు అనేవాళ్ళకు ఇదే జవాబు.

తెల్లకార్డు ఉన్నవాళ్ళు ఆపరేషన్ మాట రాగానే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో తమ జబ్బు ఏ ప్యాకేజీ కింద వస్తుందో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆయనే చెప్పాలి. అందం కోసం చేసేవి ప్రభుత్వం భరించదు. ప్రభుత్వం ఇచ్చే చోట మన డబ్బు పెట్టడం దండగ. మన డబ్బు అక్కరకొచ్చేది ప్రభుత్వం చూడని సందుల్లో: డాప్లర్‌కు, వారం వారం కట్టు మార్పించుకోవడానికి పోయే బస్సు ఖర్చుకు, పోయిన రోజు కూలికి, ఆ తరువాత మేజోళ్ళకు.

మేజోళ్ళ దగ్గరే చాలామంది చతికిలపడతారు. పుండు మానగానే పని అయిపోయిందనుకుంటారు. కవాటం బాగుపడదు కనుక కట్టు స్థానంలో మేజోడు రావాలి. దుకాణంలో కంప్రెషన్ స్టాకింగ్స్ అని అడగాలి, ఒత్తిడి ఏ క్లాసో డాక్టరు రాయాలి. జత ధర బ్రాండును బట్టి వెయ్యి నుంచి నాలుగైదు వేల దాకా ఉంటుంది. సాగుడు పోతుంది కనుక సుమారు ఆరు నెలలకు మార్చాలి. కొలత పొద్దున్నే, వాపు దిగి ఉన్నప్పుడు తీయాలి: చీలమండ సన్నటి చోట, పిక్క లావు చోట, మడమ నుంచి మోకాలి దాకా పొడుగు. మా కుట్టు టీచరు టేపు చాలు. మంచం దిగకముందే తొడుక్కోవాలి, రాత్రి పడుకునే ముందు తీసేయాలి. మన ఉప్పు గాలి, ఉక్కలో అది వేసుకోవడం శిక్షే, ఒప్పుకుంటాం. మధ్యాహ్నం కాసేపు తీసి, కాళ్ళు పైన పెట్టుకుని పడుకుంటే ఓర్చుకోవచ్చు.

ఇంకొక చిక్కు ఖాలానే లేవనెత్తింది. “బేటీ, వజూకు అయిదుసార్లు ఊడదీసి అయిదుసార్లు ఎక్కించాలంటే నా వేళ్ళలో సత్తువ ఏదీ?” అంది. మేజోడు మీద మసహ్ చెల్లుతుందా, రోగికి ఏ వెసులుబాటు ఉంది అన్నది టీచరు చెప్పే మాట కాదు. ఆమెను మసీదు ఇమామ్ గారి దగ్గరకు పంపాం, డాక్టరు చీటీ కూడా చేతికిచ్చి. మీ ఊళ్ళలోనూ ఈ కారణంగా మేజోడు పెట్టెలో పెట్టేసిన ఆడవాళ్ళు ఉండవచ్చు, నోరు తెరిచి చెప్పరు. కాస్త అడిగి చూడండి.

పనిచోట చేయగలిగినవి ఖర్చు లేనివి. నిలబడిన చోటే మడమలు ఎత్తి దించడం ఇరవైసార్లు, గంటకొకసారి. కూర్చున్నవాళ్ళు పాదం పైకి కిందికి ఆడించడం. కాలు మీద కాలు, మఠం వేయడం తగ్గించడం. మా బడిలో ప్రార్థన తరువాత పిల్లలతో పాటు టీచర్లమూ మడమలు ఎత్తుతున్నాం. మొదటి రోజు పిల్లలు నవ్వారు, ఇప్పుడు వాళ్ళే లెక్క పెడుతున్నారు. ఫ్యాక్టరీ యజమానులు కూడా మన దాతల్లో ఉన్నారు. పూటకు రెండుసార్లు అయిదేసి నిమిషాలు లేచి నడిచే వీలు, పొట్టు తీసేవాళ్ళకు కాస్త ఎత్తు పీట, ఇవి వాళ్ళ చేతిలో పని.

ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే భయపడి పరిగెత్తకూడదు. వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టి, శుభ్రమైన గుడ్డ మడతతో చిట్లిన చోట పది పదిహేను నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టాలి. తొడకు తాడు బిగించకూడదు. నిలబడి ఉంటే ధారగా పోయే రక్తం కాలు ఎత్తగానే చాలావరకు ఆగుతుంది. ఆ తరువాత డాక్టరు దగ్గరకు.

ఖాలా పుండు బక్రీద్ దాటాక మూసుకుంది. ఆ చోట చర్మం ఇంకా నల్లగా, పల్చగా మెరుస్తూ ఉంది. ఆమె ఇప్పుడు ఫ్యాక్టరీకి పోవడం లేదు, ఇంట్లోనే మనవలను చూసుకుంటోంది. సాయంత్రం మేజోడు ఉతికి, ఎండ తగిలితే సాగుడు పోతుందని వసారాలో నీడకు ఆరేస్తుంది. దారిన పోయే పిక్కల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు అదేమిటని ఆగి అడుగుతారు. ఆమె వాళ్ళను లోపలికి పిలిచి, ముందు వాళ్ళ చీలమండలు చూపించమంటోంది.